వరహాలు ఒంట్లో కాపలా

నేను ఒక జన్యువుని. కంటికి ఆనను. నా రాత చదివి కణం ఓ ప్రోటీన్ తయారుచేసి తన గడప మీద నిలబెడుతుంది. అదీ నేనే అనుకోండి. కణం లోపలున్నదాన్ని ముక్క తీసి బయటికి చూపించడం నా ఉద్యోగం. కాపలా తిరిగే తెల్లకణాలు వచ్చి చూస్తాయి. ఇంటిదైతే పోతాయి, పరాయిదైతే ఆ కణాన్ని చంపేస్తాయి. వాటికి జాలీ లేదు, పగా లేదు.

నాలో ఒక్క లోపముంది. మూర్ఛకిచ్చే ఒక బిళ్ల నాకు అతుక్కుందంటే, సొంత చర్మమే ఆ తెల్లకణాలకి శత్రువులా కనిపిస్తుంది.

సూరమ్మ ఒంట్లో అదే జరిగింది. బిళ్లలు మొదలెట్టిన పన్నెండో రోజుకి ఒళ్లంతా బొబ్బలెక్కి, తోలూడి చచ్చిపోయింది. ఇంట్లోవాళ్లు అమ్మవారు పోసిందన్నారు. పాపం, బిళ్లని ఎవరూ అనుమానించలేదు.

అప్పటికే నేను ఆమె కూతురు వరహాలుకి సంక్రమించాను. ఇరవై నాలుగో ఏట ఆ పిల్లకీ మూర్ఛ వచ్చి, జూట్ మిల్లులో మిషను పక్కనే పడిపోయింది. తగ్గేదాకా పనిలోకి రావద్దన్నాడు మేస్త్రీ. పెంచిన పెద్దమ్మ నారాయణమ్మ ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"మీ ఇంట్లో ఎవరికైనా మందు పడక బొబ్బలొచ్చాయా?" అనడిగాడు డాక్టరు.

"మావోలకెవులికీ అలాటిది నేదు బాబూ" అంది నారాయణమ్మ. అబద్ధం కాదు. అమ్మవారిని జబ్బుల్లో కలిపి చెప్పడం ఆమె దృష్టిలో మహాపాపం. చెప్పవే తల్లీ అని నేను మొత్తుకున్నాను, నాకు నోరుంటే కదా. నన్ను పట్టే రక్తపరీక్ష ఆ ఆస్పత్రిలో లేదు. డాక్టరు అదే బిళ్ల రాసి, ఒక్క పూట కూడా మానొద్దన్నాడు.

మూర్ఛ ఆగింది. సోమవారం రమ్మని మిల్లు నుంచి కబురొచ్చింది. ఈలోగా, పదకొండో రోజున, వరహాలుకి కళ్లు మండాయి, నోరు పూసింది, మెడ కింద ఎర్రటి మచ్చలు లేచాయి. నారాయణమ్మ చూసి చేతులు జోడించింది.

"తల్లొచ్చింది. ఇంక మందు ముట్టకూడదు" అని బిళ్లలన్నీ బియ్యం డబ్బాలో దాచేసింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. పుట్టాక మొదటిసారి ఓ మూఢనమ్మకానికి దండం పెట్టుకున్నాను. ఇక్కడితో ఆగితే పిల్ల బతకొచ్చు.

కానీ వరహాలుకి అమ్మవారికన్నా మూర్ఛంటేనే భయం. మళ్లీ పడితే మిల్లు గేటు దాటనివ్వరు. పెద్దమ్మ మజ్జిగ కోసం పక్కింటికి వెళ్లగానే లేచి, బియ్యంలో చెయ్యి పెట్టి వెతికింది. నోరంతా పుండు, మింగలేకపోయింది. బిళ్లని గ్లాసు నీళ్లలో కరిగించి తాగి, అడుగున మిగిలిన పొడిని కూడా వేలితో తీసుకుని నాకింది.