ఎదురింటి షట్టర్లు

పట్టీని రెండు చేతులా పట్టుకుని లాగితే గానీ వంటింటి కిటికీ షట్టరు పైకి లేవదు. సగం దాకా వచ్చి ఓసారి అలిగి ఆగుతుంది. అప్పుడు మోకాలు గోడకి ఆనించి ఇంకో లాగు లాగాలి. రోషెల్ ఆవేళా అలాగే లాగింది. రెబ్బలు గడగడమంటూ పైకి పోయాయి. వెలుగుతో పాటు ఎదురిల్లూ కనబడింది. ష్విండ్ మామ్మ ఇంటి షట్టర్లు ఇంకా దిగే ఉన్నాయి.

రోషెల్ చప్పున చూపు తిప్పుకుంది. ఆ ఇంటి వంక చూడకుండా బతకడం నెల రోజులుగా అలవాటు చేసుకుంది. కాఫీ కప్పుతో కిటికీకి వీపు పెట్టి నిలబడే తాగింది.

నలభై దాటిన మనిషి. వెడల్పాటి భుజాలు, జుట్టు మీద వల నొక్కి నొక్కి నుదుటి మీద చెరగని గీత, గిన్నెలు కడిగే మందు నీళ్ళకి పగిలిన వేలికొసలు. అమెరికన్ స్థావరంలోని బడి భోజనశాలలో పిల్లలకి వడ్డించడం ఆమె పని. మొగుడు డారెల్ ట్యాంకుల దళంలో సార్జంటు. పెళ్ళయ్యాక అతని వెనకాల టెక్సస్ అనీ, కొరియా అనీ, కాన్సస్ అనీ తిరిగింది. ఏ ఇంట్లోనూ గోడకి ఒక్క మేకు కొట్టలేదు, ఎలాగూ పీకి బొక్క పూడ్చి అప్పగించాల్సిందే కదా అని. ఇరుగుపొరుగుతోనూ అంతే. పిల్లల్లేరు. జర్మనీలోని ఈ బౌమ్‌హోల్డర్ స్థావరంలో ఇళ్ళు ఖాళీ లేవంటే ఈ కొండవాలు పల్లెలో అద్దెకి దిగారు. సామాన్లు విప్పారో లేదో డారెల్‌ని పోలండ్‌లో విన్యాసాలకి పంపేశారు.

అతను వెళ్ళిన వారానికి రోషెల్‌కి జ్వరం తగిలి, మాత్ర వేసుకుని ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. తలుపు విరిగిపోతుందా అన్నట్టు బాదుతుంటే లేచి తీసింది. నీలం పువ్వుల వంటకోటు వేసుకున్న ఎదురింటి ముసలావిడ రొప్పుతూ నిలబడి ఉంది.

"బతికే ఉన్నావా?" అంది. వయసులో ఉండగా అమెరికన్ సిపాయిల వంటశాలలో బంగాళాదుంపలు చెక్కు తీసిన మనిషి కాబట్టి ఆవిడ ఇంగ్లీషులో మర్యాదలు తక్కువ.

"ఉండక! ఏమొచ్చింది మీకు, తెల్లారకుండా తలుపులు బద్దలు కొడుతున్నారు?"

"తెల్లారకుండానా? పది దాటింది తల్లీ! షట్టర్లు లేవలేదు. మా ఊళ్ళో ఎనిమిదికి షట్టరు లేవకపోతే లోపల మనిషికేదో అయిందనే."

"నా షట్టర్లు నా ఇష్టం. మీ కిటికీ వంక నేను చూస్తున్నానా?"

"చూడు అమ్మాయ్. చూడాలి," అంది ముసలావిడ, కోపం లేకుండా. "నాకు మాత్రం ఎవరున్నారు? కొడుకు బ్రెమెన్‌లో."

మర్నాడు వచ్చి తన ఇంటి తాళంచెవి రోషెల్ చేతిలో పెట్టి, వేళ్ళు మూసి మరీ వెళ్ళింది. "నా షట్టర్లు లేవకపోతే నువ్వే రావాలి. కుర్ర కళ్ళు నీవి." రోషెల్ దాన్ని సొరుగులో పడేసింది. ఈ చాదస్తం తన మెడకి చుట్టుకుందేమిట్రా దేవుడా అనుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓ సాయంత్రం మామ్మ తన కిటికీ గట్టు మీద దిండు వేసుకుని, మోచేతులు ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వీధి చూస్తోంది. రోషెల్ ఫొటో తీసి సైనికుల భార్యలందరూ ఉండే ఫోను గుంపులో పెట్టింది. కింద రాసింది: 'మా వీధి సీసీ కెమెరా. కరెంటు ఖర్చు లేదు, నిద్రా పోదు.' నవ్వులు వచ్చి పడ్డాయి. భోజనశాలలో పిల్లలు తప్ప పలకరించే దిక్కులేని మనిషికి ఆ పూట పండగలా అనిపించింది. నిజం చెప్పొద్దూ, మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. స్థావరంలో జుట్టు కత్తిరించే పిల్లది ఈ పల్లే. గుంపులో ఎవరో ఆమెకి పంపితే, ఆమె ఫోను నుంచి ఫొటో మామ్మ దాకా వెళ్ళింది. మర్నాటి నుంచి కిటికీ గట్టు మీద దిండు లేదు. చెత్త డబ్బాల దగ్గర ఎదురుపడితే మామ్మ "గుడ్ మార్నింగ్" అని, నేల చూపులు చూస్తూ లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. రోషెల్ ఆ రాత్రే ఫొటో తీసేసింది గానీ ముసలావిడ కళ్ళలోంచి ఎలా తీస్తుంది? క్షమించమని అడగాలని ఇస్త్రీ చేస్తూ, గిన్నెలు కడుగుతూ ఎన్నిసార్లో మాటలు కూర్చుకుంది. గుమ్మం దాటేసరికి మొహం చెల్లేది కాదు.

ఇదిగో, ఈవేళ కూడా కారు తాళాలు పట్టుకుని వీధిలో నిలబడింది. ఎనిమిదయింది. ఆ షట్టర్లు లేవలేదు. నాలుగడుగులు వేస్తే గంట నొక్కొచ్చు. ఆవిడ నిక్షేపంలా తలుపు తీసి, 'ఏం, ఇప్పుడు నువ్వు కెమెరావా?' అంటే? రోషెల్ చెవులు వేడెక్కాయి. కారెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా గరిటె చేతిలోంచి దిగలేదు. మాకరోనీ, ఉడికించిన బీన్సు, వద్దన్న వాడికీ ఓ ముక్క ఆపిల్. వడ్డిస్తూనే ఉంది గానీ మనసు అక్కడ లేదు. విరామంలో డారెల్ ఫోను చేశాడు.

"ఎదురింటి మామ్మ షట్టర్లు పొద్దున లేవలేదు," అంది.

"వెళ్ళి చూశావా?"

"లేదు. ఎక్కడికైనా వెళ్ళిందేమో."

"ఎనభై ఆరేళ్ళ మనిషి ఎక్కడికెళ్తుందే? తాళంచెవి నీ దగ్గరే ఉందన్నావుగా. పోయి చూడు."

"చూస్తాలే," అంది. ఫొటో సంగతి మొగుడికి కూడా చెప్పలేదు మరి.

ఇంటికొచ్చేసరికి షట్టర్లు దిగే ఉన్నాయి. ఈసారి చూపు తిప్పుకోలేకపోయింది. సొరుగు తెరిచింది. తాళంచెవి కనబడింది. మూసేసింది. ఊరన్నాక ఎవరో ఒకరు చూస్తారు, వాళ్ళ భాష వాళ్ళకొచ్చు, వాళ్ళు వెళ్తే బాగుంటుంది అనుకుంది. ఆరిన తువ్వాళ్ళ గుట్ట తెచ్చుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. ఒకటొకటే మడతపెడుతూ, ఆ దారిన పోయే ప్రతి కారునీ నువ్వు ఆగు, నువ్వు ఆగు అని మనసులో వేడుకుంది. ఒక్కటీ ఆగలేదు. మడతలు అయిపోతే, విప్పి మళ్ళీ పెట్టింది.

చివరికి రొట్టెల బండి గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది. బండి నడిపే ఉడో లావుపాటి మనిషి, కులాసా మనిషి. కిందికి దిగుతూనే ఎదురింటి వంక చూశాడు. చూసిన క్షణమే పరుగెత్తాడు. గంట నొక్కాడు, తలుపు గుద్దాడు, పేరు పెట్టి అరిచాడు. మొహమాటపడలేదు, ఆలోచించలేదు. తరవాత రోషెల్ తలుపు దగ్గరికొచ్చాడు.

"తాళంచెవి ఇవ్వమ్మా, తొందరగా! అమెరికా అమ్మాయికిచ్చానని మామ్మ నాతో చెప్పింది."

"ఎప్పుడు?" అంది రోషెల్, అదేదో ఇప్పుడు అడగాల్సిన మాటైనట్టు.

"మొన్న శుక్రవారమే. ఎందుకు, పారేశావా ఏం?"

ఫొటో చూశాక కూడా మామ్మ తాళంచెవి వెనక్కి అడగలేదు. రోషెల్ సొరుగు లాగితే అది ఊడి చేతిలోకొచ్చింది.

లోపల చీకటి. ఉడో దీపం వేశాడు. మామ్మ మంచం పక్కన నేల మీద ఒరిగి ఉంది. పడుతూనే పోయిన మనిషి కాదు. మంచం మీది దుప్పటి అందినంత మేర లాక్కుని కాళ్ళ మీద కప్పుకుంది. తల కింద చెయ్యి పెట్టుకుంది. మొహం గుమ్మం వైపు ఉంది.

డాక్టరు వచ్చి చాలాసేపు చూశాడు. "పడ్డది తెల్లవారుజామున. తుంటి విరిగింది," అన్నాడు. "ప్రాణం పోయింది మాత్రం ఇందాకే."

ఇందాకే. ఇందాక రోషెల్ తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"పొద్దుట్నించీ ఎవరూ చూడలేదా?" అని డాక్టరు ఇద్దరి వంకా చూశాడు.

చూశాను అనాలి. నోట్లో మాట సిద్ధంగా ఉంది, చిన్న మాట. రోషెల్ పెదవి విప్పేలోపే ఉడో అందుకున్నాడు.

"ఈవిడ అమెరికన్ అండీ. వాళ్ళకి ఈ షట్టర్ల గొడవ ఏం తెలుస్తుంది పాపం!" అని, రోషెల్ వైపు తిరిగి భుజం తట్టాడు. "నువ్వేం బాధపెట్టుకోకమ్మా. నీ తప్పేం ఉంది? తెలిస్తే పరుగెత్తుకొచ్చేదానివి కాదూ?"

రోషెల్ తలూపింది.

ఊపాక తెలిసింది ఏం చేసిందో. తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయింది. ఉడో కళ్ళలో ఎక్కడా అనుమానం లేదు. తన దగ్గర్నుంచి వాళ్ళు అంతకన్నా ఏమీ ఆశించలేదు. ఆశించింది ఒక్క ముసలావిడే. ఆవిడ దుప్పటి కప్పుకుని పొద్దల్లా ఆశించింది.

మామ్మని తీసుకెళ్ళారు. బ్రెమెన్‌కి ఉడోనే ఫోను చేశాడు. పొద్దు వాలుతుండగా బండెక్కబోతూ ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

"ఇది ఆవిడ కోసం పక్కన పెట్టింది. నువ్వుంచుకో అమ్మా. రొట్టె పారేయకూడదు."

రోషెల్ రొట్టె అందుకుంది. తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, దీపం వెయ్యకుండా ఎదురుగా కూర్చుంది. పళ్ళు లేని నోటికి వీలుగా పలచగా కోసిన సగం రొట్టె, కాగితం మీద పెన్సిలుతో ష్విండ్ అని పేరు.