రెండో గ్రూపు

పొద్దున్నుంచి తోమాసు ఒకచోట కూర్చోలేదు. ఊళ్లోని ఫోన్ తీగలన్నీ వచ్చి చేరే ఇనుప చట్రం దగ్గర ఓ తీగను పంటితో ఒలిచి బిగిస్తాడు, కంప్యూటరు గదిలోకి తొంగిచూస్తాడు, మళ్లీ వస్తాడు. కత్తెర జేబులోనే ఉంటుంది. ముందుపన్ను మాత్రం అరిగి గాడిపడింది. ఎక్స్ఛేంజీలో ముప్పై రెండేళ్ల నౌకరీ ఈ శనివారంతో సరి. తొంభై మూడు జులై ఆఖరి రోజు. అయిదింటికి దండ వేసి పంపిస్తారు.

బుధవారం కొత్త యంత్రం మొదలైంది. ఫోన్లను రెండు గ్రూపులు చేశారు. మొదటిది ఎక్కడికైనా పోతుంది, రెండోది ఊరు దాటదు. చిట్టా రాసింది తోమాసే. మిషన్ దవాఖానా పేరు దగ్గర కలం ఆగింది. తన చర్చివాళ్లకు మేలు చేసుకున్నాడంటారని భయపడి రెండో గ్రూపులో రాశాడు. ఇప్పుడు చేతులు కాలాక ఆకుల కోసం తిరుగుతున్నాడు.

అప్పట్నుంచి దవాఖానా నర్సు సంతోషమ్మ ఎక్స్ఛేంజీకి ఫోన్ చేస్తే తోమాసే ఇక్కణ్నుంచి కరీంనగర్ పెద్దదవాఖానాకు కబురందిస్తున్నాడు. అయిదు దాటితే ఇక్కడ తాళం పడుతుంది. రేపు ఆదివారం. కనకవ్వ కాన్పు కష్టంగా ఉందని, ఏ క్షణాన అక్కణ్నుంచి అంబులెన్సు బండి పిలవాల్సి వస్తుందోనని సంతోషమ్మ పొద్దున్నే చెప్పింది.

తోమాసు పాస్‌వర్డు చూడ్డానికే పనికొస్తుంది. మార్చేది ఇంజినీరు విద్యాసాగర్‌రావు ఒక్కడే. తోమాసు అతణ్ని రెండుసార్లు అడిగాడు.

"పై ఆఫీసు నుంచి కాగితం రావాలె తోమాసూ. సోమారం సూద్దాం."

"కనకవ్వ సోమారం దాక ఆగుతదా, సార్?"

ఇంజినీరు ఫైలులోకి తల వంచుకున్నాడు.

మూడున్నరకు తోమాసు చట్రం వెనక్కి వెళ్లాడు. ఎర్రతీగ ఒలిచి, మొదటి గ్రూపులో ఉన్న ఇంజినీరు ఇంటి లైను దవాఖానాకు, దవాఖానా లైను ఇంజినీరు ఇంటికి మార్చి కట్టాడు. తర్వాత సంతోషమ్మకు ఫోన్ చేశాడు.

"జర కరీంనగర్‌కు తిప్పి సూడు, చెల్లే."

కాసేపటికి ఆమె మళ్లీ పలికింది. "పోతున్నదన్నా."

అయిదింటికి దండ వేశారు. కత్తెర, తాళాలు అప్పజెప్పి తోమాసు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

విద్యాసాగర్‌రావు ఇంటికెళ్లి ఆదిలాబాద్‌లో ఉన్న కూతురికి ఫోన్ కలపబోయాడు. పోలేదు. ఎవరి పనో అర్థమై, మండిపడుతూ వచ్చి ఎక్స్ఛేంజీ తాళం తీశాడు. ఎర్రతీగ కనబడింది. పీకేముందు లైను ఖాళీగా ఉందో లేదోనని టెస్టింగ్ ఫోన్ తగిలించి విన్నాడు.

"కనకవ్వకు నెత్తురు ఆగుతలేదు. బండి జల్ది తోలుండ్రి," అంటోంది సంతోషమ్మ.

అతనికి సిగ్గేసింది. కంప్యూటరు ముందు కూర్చుని, ఏ కాగితమూ లేకుండానే దవాఖానాను మొదటి గ్రూపులోకి మార్చాడు. తీగను మాత్రం ముట్టుకోలేదు. అందులో మాట ఇంకా నడుస్తోంది. దాని ఎర్రటి కొసన తోమాసు పంటిగాటు ఉంది.