ఎదురింటి చిరునామా

సూరజ్‌కుండ్ చేతిపనుల మేళాకి వెళ్తున్నట్టు రేవతి ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న రాజగోపాల్ ఒప్పుకోడు. ఆడపిల్ల కాలేజీలోనో ఇంట్లోనో తప్ప మూడో చోట కనిపించకూడదన్నది ఆయన పట్టుదల. అందుకే ఆ ఫిబ్రవరిలో ఒకరోజు కాలేజీ ఎగ్గొట్టి, స్నేహితురాళ్ళతో ఫరీదాబాద్ రైలెక్కింది. తిరుగు ప్రయాణంలో స్టేషన్‌కి చేరేసరికి షటిల్ రైలు కదలబోతోంది. టికెట్ల దగ్గర చాంతాడంత క్యూ.

"ఇందులో ఎవరూ టికెట్ అడగరు, ఎక్కు," అంది స్నేహితురాలు ఇషిత. ఎక్కేశారు.

తమ ఊరి స్టేషన్ నిజాముద్దీన్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం రెండు కొసల్లోనూ చెకింగ్ వాళ్ళున్నారు. స్నేహితురాళ్ళు గుంపులో కలిసిపోయారు. రేవతి మణికట్టు మాత్రం ఒక లేడీ కానిస్టేబుల్ చేతికి చిక్కింది. మేళాలో గాజులు కొన్నాక జరిమానా కట్టడానికి పర్సులో ఏమీ మిగల్లేదు.

"నామ్?" అన్నాడు నల్లకోటు టీటీ.

"చాందిని," అంది, ఏ పేరు తోస్తే ఆ పేరు.

"పితాజీ కా నామ్?"

తండ్రి పేరు అడిగేసరికి, పోలీసు ఎదుట తలొంచుకుని నిలబడ్డ నాన్న కళ్ళముందు కదిలాడు. రోజూ తలుపు తీయగానే కనపడే ఎదురింటి నేమ్‌ప్లేటు నోటికొచ్చింది. "భీమశంకరం," అంది. క్వార్టర్ నంబరూ, ఆయన ఆఫీసూ అడిగితే అవీ గడగడా చెప్పేసింది. కోర్టు నుంచి మనిషి ఇంటికొస్తాడని చెప్పి వదిలేశారు.

బస్సులో కూర్చుని తనకి తానే నచ్చజెప్పుకుంది. భీమశంకరం గారికి పిల్లల్లేరు. వచ్చినవాడు అలాంటి అమ్మాయి ఇక్కడ లేదని తెలుసుకుని వెళ్ళిపోతాడు. అంతటితో సరి.

పిల్లల్లేని ఆ ఇంట్లో రేవతి సగం పెరిగింది. వాళ్ళమ్మ ఉమకి ఒంట్లో బాగాలేనప్పుడల్లా జడ వేసింది భీమశంకరం గారి భార్య సీతారత్నమే. పెసరట్టు వేస్తే మొదటిది గిన్నె కింద పెట్టి ఈ పిల్ల కోసం దాచేది.

కోర్టు తరఫున కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఇంట్లో సీతారత్నం ఒక్కతే ఉంది. ఆ సాయంత్రం ఉమ దగ్గర కూర్చుని చెప్పింది. రేవతి పక్కగదిలో పుస్తకం ముందేసుకుని వింది.

"మీ అమ్మాయి చాందిని ఉందా అన్నాడు ఉమా. మాకు పిల్లల్లేరు భయ్యా అన్నాను. వాడు ఈయన పేరు చెప్పాడు, ఆఫీసు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ మద్రాసీ పిల్లట. అన్నీ సరిపోయాయి."

"ఎవరో ఏదో పేరు చెప్పుంటారు వదినా."

"ఈయన నాగపూర్‌లో బదిలీ మీద ఒంటరిగా ఉండి వచ్చారు, గుర్తుందా? అది జరిగీ పద్దెనిమిదేళ్ళే." సీతారత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "లోపం నాదనుకుని ఇన్నాళ్ళూ గుళ్ళూ, డాక్టర్లూ తిరిగాను."

అప్పుడే లేచి వెళ్ళి చెప్పెయ్యాల్సింది. లేవబోయింది కూడా. గేటు దగ్గర నాన్న స్కూటర్ ఆగిన చప్పుడు వినబడి మళ్ళీ కూర్చుండిపోయింది.

ఆ వారమంతా ఎదురింట్లోంచి గొంతులు వినిపించాయి. ఆవిడదే గొంతు, ఆయనది వినపడేది కాదు. భీమశంకరం కోర్టుకి వెళ్ళి జరిమానా కట్టొచ్చారని తెలిశాక ఆ గొంతూ ఆగిపోయింది. ఏ సంబంధమూ లేకపోతే ఆయనెందుకు కడతారు అనుకుందేమో, సీతారత్నం పెట్టె సర్దుకుని విజయనగరంలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు రేవతి ఎదురింటి తలుపు కొట్టింది. వంటింట్లో భీమశంకరం పాలు పొంగించుకుని స్టవ్ తుడుచుకుంటున్నారు.

"అంకుల్, ఆ చాందిని నేనే."

ఆయన గుడ్డ కిందపెట్టలేదు. "అనుకున్నానమ్మా," అన్నారు.

"మరి ఆంటీకి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వేనని నాకెవరూ చెప్పలేదు కదా. ఊహించుకుని ఒక ఆడపిల్ల మీద నేరం ఎలా వేస్తాను? విచారణ సాగితే మీ నాన్న దాకా వస్తుందని వెళ్ళి కట్టేశాను. కూతురేనా అని అడిగారు, అవునన్నాను." గుడ్డ పిండుకుని అన్నారు: "ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని చూశాను. ఇంతలో ఆవిడ రైలెక్కేసింది."

రేవతి ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు, కసరనూ లేదు. స్టవ్ తుడుస్తూనే ఉన్నారు.

ఆ రాత్రే అమ్మానాన్నల ముందు నిజం చెప్పింది. రాజగోపాల్ కొట్టలేదు. చెప్పులేసుకుని ఎస్టీడీ బూత్‌కి నడిచాడు, కూతుర్ని వెంట రమ్మన్నాడు. విజయనగరం లైను కలిశాక రిసీవరు ఆమె చేతిలో పెట్టాడు. రేవతి చెప్పుకుంటూ పోతే అవతల నుంచి ఒక్క మాటా రాలేదు. లైను తెగిందేమోనని "ఆంటీ?" అంది.

"విన్నాను," అంది సీతారత్నం.

ఎండలు ముదిరాక ఆవిడ తిరిగొచ్చింది. రేవతి ఎదురెళ్ళి పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు. మెట్ల మీదే నిలబడి మాట్లాడింది.

"ఆయన్ని నేను అనకూడని మాటలన్నాను. అవి నువ్వు అనిపించావని అనను. నోరు నాదే. భయపడి నా మొగుడి పేరు చెప్పావు, చిన్నదానివి, దానికీ ఏమీ అనను. కానీ ఆ రోజు నేను మీ ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, పక్కగదిలోనే ఉన్నావు కదే. విన్నావు కదా."

రేవతి పక్కకి జరిగి దారిచ్చింది.

తర్వాత సీతారత్నం మాట్లాడడం మానలేదు. పండక్కి పిండివంటలూ పంపేది, అయితే ఉమ చేతికి. భార్యాభర్తలు సాయంత్రాలు కలిసే పార్కుకి వెళ్ళేవారు. పక్కపక్కన నడుస్తూ ఆయన ఏదో చెబితే, ఆవిడ చాలాసేపటికి గానీ జవాబిచ్చేది కాదు. బాల్కనీలోంచి చూసినప్పుడల్లా రేవతి లోపలికి వెళ్ళిపోయేది.

రెండేళ్ళకి భీమశంకరం రిటైరై క్వార్టర్ ఖాళీ చేశారు. లారీ దగ్గర రేవతి ఇద్దరి కాళ్ళకీ దణ్ణం పెట్టింది. ఆయన తల నిమిరారు. సీతారత్నం "బాగా చదువుకో" అంది, కాలేజీ చదువైపోయి ఉద్యోగంలో చేరిన పిల్లతో. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. రేవతి సరిదిద్దలేదు.

"అలాగే ఆంటీ," అంది.