ర్యాంకు: ఆమిల్

సైరన్ మోగితే పని వదిలి షెల్టర్‌లోకి పరుగెత్తాలి. ఇది రూలు. అరబ్బుల దేశంలో, నజ్రాన్ శివార్లలో, యుద్ధం నడుస్తున్న సరిహద్దు కొండలకు ఎదురుగా మేము గోదాములు కడుతున్న చోట ఈ రూలును నాలుగు భాషల్లో బోర్డు మీద రాసిపెట్టారు. తెలుగులో లేదు గానీ ప్రాణభయానికి లిపి అక్కర్లేదు కదా. ఆ ఆదివారం పొద్దున సైరన్ మోగగానే ఇరవై ముగ్గురు కూలీలూ పరుగెత్తారు. నేను కంపెనీ బస్సు డ్రైవర్ని. బస్సు వదిలి వాళ్ళకంటే ముందే షెల్టర్‌లో పడ్డాను.

అందరికంటే వెనక వచ్చినవాడు ఓదెలు. సిరిసిల్ల దిక్కువాడు, నెమ్మదస్తుడు, మోకాలి నొప్పి మనిషి. గుమ్మంలో ఫోర్మన్ అతని ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు. మిక్సర్ నిండా సిమెంటు మాలు ఉంది, గడ్డకడితే మిషను పాడవుతుంది, పోయి ఖాళీ చేసి రమ్మని అరబ్బీలో అరిచాడు. ఓదెలుకు అరబ్బీ రాదు. చెయ్యి చూపించిన దిక్కు మాత్రం అర్థమైంది. అతను నా వైపు చూశాడు.

"గౌస్ భాయ్, జెర జెప్పవా. సైరన్ ఆగినంక పోతనని జెప్పు."

నాకు అరబ్బీ వచ్చు. పదకొండేళ్ళుగా ఆ భాషతోనే బతుకుతున్నాను. అయినా నోరు పెగల్లేదు. చెబితే నన్ను కూడా బయటికి తోస్తాడేమోనని భయపడ్డాను. ఓదెలు కాసేపు చూసి, వెనక్కి తిరిగి కుంటుకుంటూ పోయాడు. గుండు మిక్సర్‌కు పది అడుగుల దూరంలో పడింది.

ఇప్పుడు మీ ముందు నిలబడి పోరాటం గురించి చెప్పడానికి నీకేం అర్హత ఉందయ్యా అని మీరు నన్ను అడగొచ్చు. ఏమీ లేదు. పనిచేసే అన్నలారా, చదువుకునే పిల్లలారా, మాలో పులులెవరూ లేరని ముందే చెబుతున్నాను. మొదటి నుంచి చివరిదాకా అందరం వణుకుతూనే ఉన్నాం.

సాయంత్రానికల్లా కాగితం తయారైంది. కంపెనీలో పెద్ద మేనేజరును అందరం ముదీర్ అనే అంటాం. ఆయన దాన్ని నా చేత చదివించాడు. సైరన్ మోగిన వెంటనే ఫోర్మన్ అందర్నీ లోపలికి రమ్మన్నాడట. ఓదెలు ఆయన మాట వినకుండా తనంతట తానే బయటికి పోయాడట. మేమంతా కళ్ళారా చూశామట. కింద ఇరవై రెండు గీతలు, సంతకాల కోసం. సంతకాలైతేనే ఓదెలు శవం ఆసుపత్రి మంచుగది నుంచి కదులుతుందన్నాడు.

"సంతకం బెడ్తే రేపు మల్ల మోత మోగినప్పుడు ఇంకొకన్ని తోలుతరు," అన్నాడు కూలీల్లో ఒకడైన మొండయ్య. "మల్లొక కాగితం రాస్తరు."

తెల్లారి బస్సు తెచ్చి క్యాంపు ముందు నిలబెట్టాను. ఒక్కడూ ఎక్కలేదు. ఈ దేశంలో పని ఆపడమంటే జైలేనని అందరికీ తెలుసు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడ్డారు. అరగంటలో కంపెనీ కాపలావాళ్ళు వచ్చి ఫోన్లు లాక్కున్నారు, అందర్నీ అన్నాలు తినే మెస్ హాల్లోకి తోలి తాళం వేశారు. నన్ను తోలలేదు. ముదీర్‌కు నా నాలుక కావాలి. నాకు బయట కుర్చీ వేశారు.

మొండయ్యకు యాభై దాటాయి. పదిహేడేళ్ళు మన ఫౌజులో చేసి నాయక్‌గా దిగాడు, ఇక్కడ ఇనుప చువ్వలు వంచుతున్నాడు. మధ్యాహ్నం నేను రొట్టెల గంప లోపలికి తీసుకెళ్ళేసరికి అందర్నీ నేల మీద వరసగా కూర్చోబెట్టి ఉన్నాడు.

"ఇగ మనం కైదీలం," అంటున్నాడు. "దుష్మన్ చేతికి చిక్కితె ఎట్లుండాల్నో ఫౌజుల మాకు జెప్పిండ్రు. నాలుగే ముక్కలు. పేరు, నంబరు, ర్యాంకు, పుట్టిన తారీఖు. అయిదో ముక్క నోట్లకెళ్ళి రావద్దు."

"మనమేమన్న సిపాయిలమానె? మనకేం ర్యాంకున్నది?" అని ఎవరో గొణిగారు.

"నీ ఇఖామా తియ్యి. గౌస్ భాయ్, పని కాడ ఏం రాసిండ్రో సదువు."

ఇక్కడ ఉండనిచ్చే ఆ గుర్తింపు కార్డు తీసుకుని చదివాను. ఆమిల్. అంటే పనివాడు. పక్కవాడి కార్డూ అదే, ఆ పక్కవాడిదీ అదే. వంటవాడిగా వచ్చినవాడు, వెల్డర్‌గా వచ్చినవాడు, అందరూ ఆమిలే.

"గదే మన ర్యాంకు," అన్నాడు మొండయ్య. "పెద్దోడు లేడు, చిన్నోడు లేడు. ఇంకోటి ఇనుండ్రి. అందరికి దొరకనిది ఒక్కడు ముట్టద్దు. చాయ్ ఇచ్చినా, ఇంటికి ఫోన్ గలిపినా ముట్టద్దు. నన్ను గుంజుకపోతె నా ఎనుకోడు పెద్ద. వాన్ని గుంజుకపోతె వాని ఎనుకోడు."

"కొడ్తె?" అని అడిగాడు నాగేందర్. కొత్తగా పెళ్ళయిన వెల్డరు, ఎప్పుడూ నవ్వే మనిషి. అప్పుడు నవ్వడంలేదు.

"కొడ్తరేమో. నాక్కూడ భయమే. నేనెన్నడన్న చిక్కిన్నా ఏంది? క్లాసుల జెప్పిండ్రు, అండ్ల సగం నిద్రవోయిన." ఇద్దరు ముగ్గురు నవ్వారు. మొండయ్య నవ్వలేదు. "గని ఒక్క ముక్క మంచిగ యాదున్నది. ఎంతటోడైనా ఏదో ఒక గడియకు జారుతడు. జారితె సిగ్గు లేదు. తిరిగొచ్చి మనోళ్ళకు జెప్పాలె, మల్ల నిలవడాలె. దాసిపెట్టినోడే మనల్ని ముంచుతడు."

ఆ తరువాత లెక్క నేర్పాడు. రోజూ పొద్దున వరసగా నంబర్లు చెప్పాలి, ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలియాలి. ఒకటి మొండయ్య. ఇరవై రెండు నాగేందర్. ఆ తరువాత నిశ్శబ్దం. ఇరవై మూడు ఓదెలుది. అది ఖాళీగానే ఉండాలన్నాడు మొండయ్య.

ఒక్కొక్కర్నీ ఆఫీసు గదిలోకి పిలిచారు. ముదీర్ అడుగుతాడు, నేను తెలుగు చేస్తాను, వాళ్ళు చెబుతారు, నేను అరబ్బీ చేస్తాను. పేరు. ఇఖామా నంబరు. ఆమిల్. జనవరి ఒకటి. తరువాతివాడూ జనవరి ఒకటే. పద్నాలుగు మందికి జనవరి ఒకటే పుట్టినరోజు. ఊళ్ళలో తారీఖు రాసి పెట్టుకున్నవాళ్ళు లేక పాస్‌పోర్టు ఏజెంట్లు అలా నింపేశారు. ముదీర్ తనను ఆటపట్టిస్తున్నారనుకుని బల్ల గుద్దాడు. మావాళ్ళు ఆటపట్టించే స్థితిలో ఉన్నారా? ఒకతను నంబరు చెబుతుంటే పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అయినా అయిదో ముక్క రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం పోలీసు బండి వచ్చి మొండయ్యను తీసుకుపోయింది. బండి ఎక్కుతూ అతను నా వైపు కూడా చూడలేదు. హాల్లో ఏడుపులు వినిపించాయి. ఏడ్చింది మనుషులే, మీరేమీ చిన్నబుచ్చుకోకండి.

వెంటనే నాగేందర్‌ను పిలిచారు. ఈసారి బల్ల మీద అరబ్బీ కాఫీ గహ్వా ఉంది, ఖర్జూరాలు ఉన్నాయి, నాగేందర్ ఫోన్ ఉంది. ముదీర్ గొంతు తేనె పూసినట్టు ఉంది. ఇంటికి కలుపుకో అన్నాడు. అతని భార్య సృజన ముఖం తెరమీద కనబడింది. ఏడో నెల. రెండు రోజులుగా ఫోన్ కలవక ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏడున్నవ్ నువ్వు? గుండ్లు వడ్డయని టీవీల జెప్పిండ్రు. సచ్చిపోయినవనుకున్న," అని ఒకటే ఏడుపు.

ముదీర్ ఫోన్ మీద అరచెయ్యి పెట్టాడు. సంతకం పెడితే శుక్రవారం విమానం. పెట్టకపోతే మొండయ్య ఎక్కిన బండి. ఇది నేనే తెలుగు చేశాను. నా నోటితోనే. నాగేందర్ చేతిలోంచి కలం రెండుసార్లు కింద పడింది. మూడోసారి సంతకం పెట్టాడు.

వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు. "భాయ్, నీకు దండం బెడ్త. లోపల జెప్పకు."

"చెప్పన్లేబ్బా, పో," అన్నాను. రెండోసారి కూడా నోరు మూసుకున్నాను. నాకు అలవాటైన పనే.

మూడో రోజు పొద్దున హాల్లో గొడవ. ఓదెలుకు పిట్టకు పెట్టాలని కొందరు. మనిషి పోయిన మూడు రోజులకు అతనికి ఇష్టమైనవి వండి పెడితే పిట్ట ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందన్నమాట. అప్పుడు బతికినవాళ్ళు మాట ఇవ్వాలి, తప్పు ఉంటే ఒప్పుకోవాలి. అది వాళ్ళ ఆచారం.

"కాలవెట్టని శవానికి పిట్టకు పెట్టుడు ఏడనన్న ఉన్నదార? మంచుగదిల ఉన్నడు వాడు," అని ఒక పెద్దాయన కసిరాడు.

"మరి ఆకలికి కాలవెట్టేదాంక ఆగుమంటవా? ఆయినకు మనం గాక ఎవరున్నరిక్కడ?" అన్నాడు ఇంకొకడు.

చివరికి పెట్టారు. ఇనుప చువ్వల కిటికీ గట్టు మీద ఇంత అన్నం, ఒక ఉల్లిగడ్డ ముక్క, ఓదెలు మానలేని ఒక బీడీ. ఇలాంటి వేరే మతం తంతులు ఇక్కడ బయటికి కనబడితే ఇంకో కేసు అవుతుంది. కాపలావాడు ఏమిటది అని నన్ను అడిగాడు. "పాచిపోయిన అన్నం, పిచ్చుకలకు వేస్తున్నారు" అని అరబ్బీలో చెప్పాను. ఆ మూడు రోజుల్లో నేను చేసిన మొదటి మంచి పని ఆ అబద్ధం.

పిచ్చుకలు గోడమీద కూర్చున్నాయి. గట్టు మీదికి రాలేదు. ఎండ ఎక్కుతోంది. "నీ ఇంటిదాన్ని సూసుకుంటం ఓదెలూ," అన్నాడు ఒకడు. రాలేదు. "నీ బిడ్డను సదివిపిస్తం." రాలేదు. నాగేందర్ కిటికీ వైపు చూడలేక గోడకు ముఖం పెట్టుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నా వల్లనే వస్తలేదు," అన్నాడు. "నేను సంతకం బెట్టిన. నిన్న బెట్టిన. సృజన ఏడ్సింది, నాకు భయమైంది, బెట్టిన."

పక్కనున్నవాడు అతని గల్లా పట్టుకున్నాడు. "లంగ నా కొడుకా, మమ్ములను అమ్ముకుంటివిరా!"

"వదులు," అన్నాడు పెద్దాయన. మొండయ్య తరువాతి నంబరు ఆయనదే. అంతవరకు ఆయన పెద్దరికం ఆచారాలు దిద్దడానికే సరిపోయింది. ఇప్పుడు గొంతు వణుకుతూనే లేచింది. "మొండన్న ఏం జెప్పిండు? జారితె సిగ్గు లేదన్నడు. వీడు జారిండు, జెప్పిండు. ఇప్పుడు కొడ్తె రేపు జారినోడు జెప్పడు. లెవ్వు నాగేందర్. మల్ల నిలవడు."

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. చెప్పాలనుకున్నాను, ఫోర్మన్ చెయ్యి గురించి, ఓదెలు చూపు గురించి. పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు. అప్పుడే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

లేబర్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి కూర్చున్నాడు. ముదీర్ ముందే నాకు చెప్పి ఉంచాడు, ఒక్క సంతకం చూపించి మిగతావాళ్ళూ ఒప్పుకున్నారని చెబుతాను, నువ్వు అవునను, చాలు. నాగేందర్‌ను నిలబెట్టారు. అతని ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.

"ఇది నీ సంతకమేనా?" అని అడిగాడు అధికారి. తెలుగు చేశాను.

నాగేందర్ పేరు చెప్పాడు. ఇఖామా నంబరు చెప్పాడు. ఆమిల్ అన్నాడు. పుట్టిన తారీఖు చెప్పాడు. ఆగాడు. అయిదో ముక్క కూడా తీశాడు.

"సంతకం నాదే. తాళమేసి, ఫోను జూపెట్టి, భయపెట్టి తీస్కున్నరు. నేను ఎనుకకు తీస్కుంటున్న. ఓదెలు తనంతట తాను పోలేదు. తోలిండ్రు."

ఇక నా వంతు. ముదీర్ నా వైపు చూశాడు. ఆ చూపులో నా ఇఖామా, నా వీసా, పొద్దుటూరులో నా భార్య ఫర్జానా, అన్నీ కనబడ్డాయి. కాళ్ళ మధ్య వెచ్చగా తడిసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, తడిసింది. మూడోసారి నోరు మూసుకోవడం ఎంత సులువు!

అరబ్బీలో చెప్పాను. ప్రతి ముక్కా చెప్పాను. ఫోర్మన్ చెయ్యి అడ్డం పెట్టింది, ఓదెలు నన్ను అడిగింది, నేను పలక్కుండా ఉన్నది కూడా చెప్పాను. అధికారి కలం ఆగింది.

"అనువదించమంటే నువ్వు సాక్ష్యం చెబుతున్నావు. ఎవరు నువ్వు?"

"గౌస్ మొహిద్దీన్," అన్నాను. నంబరు చెప్పాను. నా కార్డులో డ్రైవర్ అని ఉంది. "ఆమిల్," అన్నాను.

అధికారి కాగితం మీద ముద్ర వెయ్యలేదు. అందర్నీ విడివిడిగా విచారించాలని రాసుకుని, వేరే దుబాసీతో వస్తానని వెళ్ళిపోయాడు. గెలిచామని అనను. ముదీర్ నా బస్సు తాళాలు లాక్కున్నాడు. కాపలావాళ్ళు నన్నూ నాగేందర్‌నూ మెడపట్టి మెస్ హాల్లోకి తోశారు, బయట గడియ పడింది. తెల్లారి బండి ఎవరి కోసం వస్తుందో అప్పటికి మాకెవరికీ తెలియదు.

పెద్దాయన మమ్మల్ని చూసి, ఏమైందని కూడా అడక్కుండా, లెక్క మొదలుపెట్టాడు. మొండయ్య నంబరు అందరూ కలిసి చెప్పారు. ఒకటి. రెండు. మూడు. గొంతులు వరసగా గోడ చుట్టూ తిరిగి నాగేందర్ దాకా వచ్చాయి.

"ఇరవై రెండు," అన్నాడు నాగేందర్.

నిశ్శబ్దం. అందరూ నా వైపు చూశారు, షెల్టర్ గుమ్మంలో ఓదెలు చూసినట్టు.

"ఇరవై మూడు," అన్నాను.