కుర్చీ వెనకాల గోడ

గోడ ఇంట్లో ఉండాల్సినదానికన్నా చాలా పొడుగ్గా ఉంది, మధ్యలో ఎక్కడో బడి ప్రహరీలో కలిసిపోయి, మళ్ళీ తిరిగి హైమ గదిలోకే వచ్చినట్టుంది, ఆ గోడకి ఒక పోస్టరు ఆనించి పట్టుకుని భద్రం నిలబడి ఉన్నాడు. అతను పోయి పద్నాలుగు నెలలైందని హైమకి కలలోనూ తెలుసు, కానీ ముందు మేకు ఎక్కడ కొట్టాలో తేలాలి గదా, మొగుడు ఉన్నాడా లేడా అన్నది తర్వాత చూసుకోవచ్చనిపిస్తోంది.

"కాస్త పైకెత్తండి," అంటుంది.

"ఎత్తుదామనే చూస్తున్నానే, చంకల దగ్గర పట్టేస్తోంది. ఈ కోటు ఎవరిదసలు?"

భద్రం ఇరవై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి, పెళ్ళిళ్ళకి కూడా ట్రాక్ ప్యాంటుతోనే బయల్దేరబోయేవాడు. పోయాక గోడకి పెద్ద ఫొటో కావాలంటే స్టూడియోవాళ్ళు బడి గ్రూపు ఫొటోలోంచి మొహం తీసుకుని, కింద నల్లకోటూ ఎర్ర టై తగిలించి ఇచ్చారు. కాకినాడలో పోయినవాళ్ళు సగం మంది ఆ కోటులోనే ఉన్నారు.

పోస్టరు కింది అంచు నుంచి చుట్టుకుంటూ పైకి వస్తుంది, అతను మోకాలితో నొక్కుతాడు, ఈలోగా పక్క అంచు చుట్టుకుంటుంది. దాని మీద బొమ్మలేవీ లేవు. అడుగెత్తు నల్లటి అక్షరాల్లో "మెల్లగా" అని ఒకే ఒక్క మాట ఉంది.

"మెల్లగానా? త్వరగా, త్వరగా అని పిల్లల మీద అరవడంతోనే సరిపోయింది నా సర్వీసంతా. నా గదిలో మెల్లగా అని పెడతావా?"

"మీ గది కాదు. నా ఆఫీసు," అనేస్తుంది హైమ, అనేసి నాలిక కరుచుకుంటుంది.

హైమది ఇన్సూరెన్సు కంపెనీకి ఇంట్లోంచే చేసే పని. అందుకో గది కావాలని అడిగితే, ఉన్న ఒక్క ఖాళీ గదీ వాలీబాల్ నెట్లతో, గాలిపోయిన బంతులతో నిండి ఉంది. వచ్చే ఆదివారం తీసేస్తానని భద్రం ఏడాది పాటు అన్నాడు. ఒక గురువారం పొద్దున ఆమె గట్టిగా అరిచింది, అతను విసురుగా బడికి వెళ్ళాడు, గ్రౌండులో కూలబడ్డాడు. పదమూడో రోజుకల్లా గది ఖాళీ అయింది. కుర్చీ వెనకాల గోడకి ఫొటో పెట్టించింది అత్తగారు మంగాయమ్మ, రోజూ పూలు మార్చేదీ ఆవిడే. అప్పట్నుంచి వీడియో మీటింగులోకి కొత్తగా ఎవరొచ్చినా హైమను చూడరు, ఆమె భుజం మీదుగా దండ వేసిన ఫొటోను చూసి గొంతు తగ్గించేస్తారు. ఆ తగ్గిన గొంతు వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. అక్కడ అక్షరాలు పెట్టుకుందామని మూడు పోస్టర్లు తెప్పించింది గానీ, ఫొటో తీస్తానని అత్తగారితో చెప్పడానికి నోరు పెగల్లేదు. పంతొమ్మిది రోజులుగా పోస్టర్ల గొట్టం తలుపు వెనకే నిలబడి ఉంది.

కలలో ఇప్పుడు భద్రం సున్నం పొడితో గోడ మీద గీత గీస్తున్నాడు, పరుగుపందేనికి గీసినట్టే, గీత తిన్నగా వచ్చిందో లేదో ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"మరి నన్నెక్కడ పెడతావ్?"

"హాల్లో, టీవీ పైన."

"టీవీ పైన పెడితే నాకు టీవీ ఎలా కనపడుద్దే? ఎదురు గోడకి పెట్టు. క్రికెట్టైనా చూసుకుంటాను."

అంత సులువుగా తేలిపోయేసరికి హైమకి ఏడుపొస్తుంది. "గది కావాలన్నాను గానీ, ఇలా కావాలనలేదండీ. కోపంగా వెళ్ళిపోయారు."

"కోపం గేటు దాటేదాకానే. ఆదివారం తీసేసేవాణ్ణే."

"తీసేసేవారు కాదు."

అతను సున్నం చేతులు కోటుకే తుడుచుకుంటూ నిజంగానే ఆలోచిస్తాడు. "కాదులే," అంటాడు.

హైమ ఏడుస్తూనే నవ్వుతుంది. "సరే, అత్తయ్యగారితో మీరు చెప్పండి."

"పెళ్ళైన కాడ్నుంచీ మీ ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసింది నేనే గదే. ఇంక నావల్ల కాదు. నువ్వే చెప్పు," అని అతను పోస్టరు వదిలేస్తాడు, అది గిర్రున చుట్టుకుపోతుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నరైంది. మొహమైనా కడుక్కోకుండా హైమ వంటింట్లోకి వెళ్ళింది. మంగాయమ్మ టీ వడగడుతోంది.

"అత్తయ్యగారూ, ఆ గదిలో ఫొటో హాల్లోకి మారుద్దామనుకుంటున్నాను."

ఆవిడ తలెత్తలేదు. "మార్చుకోమ్మా. ఆడు నీ ఎనకాల ఉంటే నీకు ధైర్యంగా ఉంటాదని పెట్టించాను. ఇప్పుడు నేను తీసేత్తే నువ్వు బాధపడతావని ఊరుకున్నాను గానీ, రోజూ ఆ పూలు పెట్టేటప్పుడు నా పేణం పోతానే ఉంది."

హైమ అదే ఫొటోను ఇన్నాళ్ళూ ఆవిడ కోసం భరించింది. గ్లాసులు అందుకుంది.

"ఆ కాగితాల కోసం గొట్టంలో ఎతక్కు," అంది మంగాయమ్మ. "చుట్టుకుపోతన్నాయని మొన్న దుప్పటి మారుత్తా నీ పరుపు కింద పరిచేశాను."

టీ అక్కడే వదిలేసి ఇద్దరూ వెళ్ళి పరుపు చెరో అంచూ పట్టుకుని ఎత్తారు. హైమ పడుకున్న బరువుకి మూడు కాగితాలూ చదునుగా, ఒక్క మూల కూడా లేవకుండా ఉన్నాయి.