రాని దర్శనం

చర్చిలో ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల గ్లాసులు కడగడం పాస్టరమ్మ పని. బొటనవేలంత గ్లాసులు, లోపలికి వేలు కూడా దూరదు. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడే కడుగుతోంది. దేవుడి పనికి జీతమేమిటని ఎవరూ ఎత్తలేదు, ఆవిడకీ తోచలేదు. పాస్టరుకు మాత్రం నెల తిరిగేసరికి తోచేది.

ఆ శనివారం ఆయన వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు అభ్యర్థి గారు ఆరాధనకి వస్తున్నారు. నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి. ప్రార్థనలో ఆయన ముఖం కనిపించిందనీ, దేవుడు ఆయన్నే ఎన్నుకున్నాడనీ."

"నాకేం కనిపించలేదండీ."

"కుటుంబాలు నిలబడాలంటే ఆయన గెలవాలి. నీకిష్టం లేదా ఏమిటి? నేను గంట ప్రసంగించినా కదలనివాళ్లు నువ్వు కళ్లు తుడుచుకుంటే కదులుతారు."

పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "మొగుడు చెప్పమన్నాక మళ్లీ వాదనేమిటి? లోబడి ఉండమని బైబిల్లో చదవలేదూ?"

చదివింది. లోబడింది కూడా. ఇష్టం లేకేం, ఓటు ఆ అభ్యర్థికే వేద్దామనుకుంది. కానీ ఏళ్ల కిందట, బిడ్డ పుట్టి చనిపోయిన నెలలోనే, దేవుడు నాకు సమాధానం, మనశ్శాంతి ఇచ్చాడని ఆమె చేత ఇలాగే చెప్పించారు. సంఘమంతా ఏడ్చింది. ఆమె ఇంటికొచ్చి అందరికీ అన్నం వండింది. ఏ సమాధానమూ రాలేదు. ఆ తరవాత మోకరిస్తే నోరు పెగిలేది కాదు. లేనిది ఇచ్చావని పదిమందిలో చెప్పాక, ఇంకా ఇవ్వలేదేమని ఏ ముఖంతో అడుగుతుంది? ఏళ్లు పట్టింది. ఈమధ్యే, గ్లాసులు కడుగుతూ, ఒకటీ అరా మాట మళ్లీ దేవుడితో మాట్లాడగలుగుతోంది. ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ నాలుగు మాటలే. రేపు నోరు విప్పితే అవీ పోతాయి. ఆమెకు భయమేసింది. భర్తంటే కాదు, మళ్లీ ఆ మూగతనమంటే.

మర్నాడు అభ్యర్థి ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పాస్టరు నవ్వుతూ మైకు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"నా ఓటు వీరికే వేద్దామనుకుంటున్నాను" అంది.

"హల్లెలూయ!" అన్నాడు పాస్టరు. సంఘమూ అంది. అభ్యర్థి లేచి దణ్ణం పెట్టాడు. ఆ సందడి అణిగేదాకా ఆమె ఆగింది.

"కానీ అలా వెయ్యమని దేవుడు నాతో చెప్పలేదు. చెప్పాడని చెప్పమన్నది మా ఆయన."