నైటు బెంచీ

చలికాలం వచ్చిందంటే పొద్దుటిపూట, హిందీ రాష్ట్రంలో ఉక్కు కారఖానా పక్కనున్న బర్మామైన్స్ పేటలో తెలుగు బడి గాల్లో తేలుతున్నట్టుండేది. కారఖానా పొగా, పొగమంచూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కిటికీలోంచి చూస్తే ఎదుటి కొట్లు కూడా కనబడేవి కావు. ఆ తెల్లదనంలో నిలబడి పాఠం చెబుతుంటే మార్తా టీచరుకి తాను ఇంకా నిద్ర లేవలేదేమో అనిపించేది.

మూడో తరగతిలో ముప్ఫయి నలుగురు. కొందరు పుస్తకం గడగడా చదివేస్తారు. కొందరు తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు. కొందరికి అక్షరాలే పట్టుబడలేదు. అందరికీ ఒకే పాఠాన్ని ఒకే గొంతుతో పదకొండేళ్లుగా చెప్పుకొస్తోంది మార్తా. పిల్లల సంగతెలా ఉన్నా, గోడలకి మాత్రం అన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఆ ఏడు ఆమె దిగులంతా జగదాంబ గురించే. పదేళ్ల పిల్ల, మూడో తరగతి రెండుసార్లు తప్పింది. నెలాఖరుకల్లా చదవడం రాకపోతే బడి మాన్పించి బంగళాల్లో అంట్లు తోమే పనికి పెడతానని తండ్రి తవిటయ్య తెగేసి చెప్పాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. అదే ఆమె భయం.

అందుకే తెగించి తరగతిని మూడు భాగాలు చేసింది. తండ్రులందరివీ షిఫ్టు డ్యూటీలే, పిల్లలకి సులువుగా అర్థమవుతుందని బెంచీలకీ ఆ పేర్లే పెట్టింది. చదవడం వచ్చినవాళ్లది కిటికీ పక్క మార్నింగు, తడుముకునేవాళ్లది నడుమ ఈవెనింగు, ఏమీ రానివాళ్లది గోడవార నైటు. ఎవరి పాఠం వాళ్లకి. తన తెలివికి తానే మురిసిపోయి, ఆ ఆదివారం చర్చిలో పాట కాస్త గట్టిగానే పాడింది.

సోమవారం వచ్చి చూస్తే తరగతి తలకిందులై ఉంది. నైటువాళ్లు పలకలు చంకన పెట్టుకొచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. మార్నింగువాళ్లు నడిమికీ, నడిమివాళ్లు గోడవారకీ చేరారు. ఎవరు మారమన్నారని మార్తా గద్దించింది. జగదాంబ లేచి నిలబడింది.

“సోమారం కదా టీచరమ్మా, డూటీ మారిపోద్ది. మా నాన్నకీ మారింది.”

మార్తా మూడు బెంచీలవైపూ చూసింది. కారఖానాలో కూడా ఏ మనిషినీ ఏడాది పొడుగునా రాత్రి డ్యూటీలోనే ఉంచరు. తాను మాత్రం పదేళ్ల పిల్లని ఉంచబోయింది. ఆమెకి సిగ్గేసింది, కళ్లు చెమ్మగిల్లాయి. ఆ పొగమంచులో ఎవరూ చూడలేదు, మంచిదే అయింది.

ఆవేళ కిటికీ బెంచీ పని సొంతంగా కథ రాయడం. జగదాంబకి రాయడం రాదు. నువ్వు చెప్పు, నేను రాస్తానంది మార్తా. ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ కలలో మాట్లాడుతున్నట్టు చెప్పింది. ఒక్క అక్షరం దిద్దకుండా మార్తా నల్లబల్ల మీద రాసింది.

“మా నాన్న తవిటయ్య. రేత్తిరి డూటీకెల్తాడు. ఆకాశం ఎర్రగా అవుద్ది. అది మా నాన్న ఎలిగించిన దీపం. నాకు బయం నేదు.”

ఇక చదవమంది. జగదాంబ చదివింది. తన మాటలే కదా, ఎక్కడికి పోతాయి? దాన్ని చూసి నోటుపుస్తకంలోకి దించుకుని, మర్నాటినుంచి ఆ అయిదు ముక్కల్లోని అక్షరాలనే పుస్తకంలో వెతికి పట్టుకోవడం మొదలుపెట్టింది. బెంచీలు ప్రతి సోమవారం మారుతూనే ఉన్నాయి. ఏ బెంచీలో కూర్చున్నా ఎవరికి తగ్గ పని వాళ్లకివ్వడం మార్తా మెల్లగా నేర్చుకుంది.

నెలాఖరున తవిటయ్య రాత్రి డ్యూటీ దిగి, కళ్లు మండుతూండగా నేరుగా బడికొచ్చాడు. కూతుర్ని తీసుకుపోవడానికే వచ్చానన్నాడు. మార్తా వాదించలేదు, పిల్లని చదవమంది. జగదాంబ నోటుపుస్తకం తెరిచి తన కథ చదివింది. తరవాత పాఠ్యపుస్తకంలోంచి, తడుముకుంటూనే, ఇంకో పేజీ చదివింది.

తవిటయ్య నోటుపుస్తకం మీదకి వంగాడు. తన పేరు ఎక్కడుందని అడిగాడు. జగదాంబ ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఇన్నేళ్లూ సంతకం రాక కారఖానా హాజరు పుస్తకంలో సిరా ముద్ర వేస్తూ వచ్చిన వేలే అది.

“టీచరమ్మా, సోమారం నుంచి నాది మార్నింగు. రెండుకి దిగిపోతాను. నన్ను ఏ బెంచీలో కూకోబెడతారు?” అన్నాడు.

మార్తా జవాబు చెప్పేలోపే జగదాంబ జరిగి తన పక్కన చోటిచ్చింది.